వర్చువల్ మెషిన్‌లో ఉబుంటు తెర నల్లబడితే ఎక్కడి నుంచి వెతకాలి

మీరు చెప్పిన సంగతులను వరసగా పెట్టుకుంటే విషయం ఇలా ఉంది. విండోస్ 11 ఉన్న లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ 7.0 (ఒక కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) వేసుకొని, అందులో ఉబుంటు 22.04ను 15 జీబీ డిస్కుతో గెస్ట్‌గా, అంటే లోపల నడిచే వ్యవస్థగా పెట్టుకున్నారు. బయటి లాప్‌టాప్ హోస్ట్. మొదటి నుంచీ గెస్ట్ తెర 800 బై 600 దగ్గరే ఆగిపోయింది. ఎవరో చెప్పారని లైనక్స్‌ను బూట్ చేసే గ్రబ్ అనే ప్రోగ్రామ్‌లో నోమోడ్‌సెట్ అనే మాట చేర్చారు, వీడియో మెమరీని 128 ఎంబీకి పెంచారు, 3డీ యాక్సిలరేషన్‌కు టిక్ పెట్టారు, గెస్ట్ అడిషన్స్‌ను (గెస్ట్‌ను వర్చువల్‌బాక్స్‌తో కలిపే డ్రైవర్ల కట్టను) రెండుసార్లు వేశారు. రెండుసార్లూ చివర్లో ఏదో ఎర్రర్ వచ్చింది గాని దాన్ని చదవలేదు. తెర మాత్రం పెద్దది కాలేదు. పోయిన వారం గెస్ట్‌లో అప్‌డేట్లు నడిపాక కొత్త కష్టం మొదలైంది: పాస్‌వర్డ్ కొట్టగానే నల్లటి తెర మీద మౌస్ బాణం ఒక్కటే మిగులుతోంది.

నా అంచనా ముందే చెబుతాను. ఇవి ఒక సమస్య తాలూకు రెండు దశలు కావు, సంబంధం లేని రెండు సమస్యలు. తెర చిన్నదిగా ఉండిపోవడానికి మొదట కారణం ఏదైనా, ఇప్పుడు కారణం మీరు మందుగా వేసిన నోమోడ్‌సెట్. తెర నల్లబడటానికి మాత్రం గ్రాఫిక్స్‌తో పని లేకపోవచ్చు. 15 జీబీ డిస్కు నిండిపోయి ఉంటుందని నా అనుమానం. తెర మీద కనిపించిన ప్రతి లోపాన్నీ తెర లోపం అనుకొని డిస్‌ప్లే సెట్టింగ్స్ మార్చుకుంటూ పోతే, అసలు కారణం అలాగే ఉండి, పైన మనం చేర్చిన చిక్కులు నాలుగు పడతాయి. అందుకని ఏదీ మార్చకముందు లోపం ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఆదేశాలను ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో రాశాను. టైపు చేసేటప్పుడు మాత్రం అన్నీ ఆంగ్లంలో చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

గెస్ట్‌లోని బొమ్మ మీ కంటికి చేరేలోపు నాలుగు చేతులు మారుతుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ బొమ్మను గీస్తుంది. గెస్ట్ కెర్నల్‌లోని, అంటే వ్యవస్థ మూల భాగంలోని డ్రైవర్ దాన్ని గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. ఆ కార్డు నిజమైనది కాదు, వర్చువల్‌బాక్స్ నటించి చూపే కార్డు. చివరగా విండోస్‌లో నడిచే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రామ్ ఆ కార్డు మెమరీలో ఉన్నదాన్ని తన విండోలో గీస్తుంది. ఈ నాలుగింటిలో ఎవరి చేతిలో బొమ్మ జారిపోయిందో కనుక్కోవడానికి చాలా తేలికైన పరీక్ష ఒకటుంది. ముందు మెషిన్ సెట్టింగ్స్‌లో 3డీ టిక్ తీసేసి మెషిన్‌ను నడిపి, తెర పాడైనప్పుడు వ్యూ మెనూలోని టేక్ స్క్రీన్‌షాట్ నొక్కండి. అది మీ లాప్‌టాప్ తెరను కాక గెస్ట్ కార్డు మెమరీలో ఉన్న బొమ్మను ఫైలుగా రాస్తుంది. ఫైలులో బొమ్మ శుభ్రంగా ఉండి విండోలో మాత్రం చెదిరి కనిపిస్తే తప్పు విండోస్ వైపుది, అంటే లాప్‌టాప్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. ఫైలులో కూడా నలుపే ఉంటే తప్పు గెస్ట్ లోపల ఉంది. మీ విషయంలో మౌస్ బాణం కనబడుతోంది కాబట్టి రెండోదే అవుతుందనుకుంటాను, అయినా ఒక నిమిషం పని కనుక చేసి చూడండి.

తప్పు గెస్ట్ లోపలే ఉందని తేలితే, గెస్ట్ బతికే ఉందా, డెస్క్‌టాప్ ఒక్కటే పడిపోయిందా అనేది తర్వాతి ప్రశ్న. లైనక్స్‌లో గ్రాఫిక్స్ లేని అక్షరాల కన్సోల్ ఎప్పుడూ వెనక సిద్ధంగా ఉంటుంది. వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్ కీతో పాటు ఎఫ్3 నొక్కితే గెస్ట్‌కు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కినట్టు అందుతుంది, కన్సోల్ వస్తుంది. హోస్ట్ కీ అంటే మామూలుగా కుడివైపు కంట్రోల్. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే ఇప్పటి చిన్న లాప్‌టాప్‌లలో కుడి కంట్రోల్ ఉండనే ఉండదు, పైగా ఎఫ్ వరస కీలు వాల్యూమ్, బ్రైట్‌నెస్‌లకు కేటాయించి ఉంటాయి. అలాంటప్పుడు వర్చువల్‌బాక్స్ ప్రిఫరెన్సెస్‌లోని ఇన్‌పుట్ భాగంలో హోస్ట్ కీని మరో కీకి మార్చుకోండి, ఎఫ్3తో పాటు ఎఫ్‌ఎన్ కీ కూడా నొక్కి చూడండి. లేదా ఇన్‌పుట్ మెనూలో కీబోర్డ్ కింద ఉన్న సాఫ్ట్ కీబోర్డును తెరిచి మౌస్‌తో నొక్కండి. కన్సోల్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు, కీలు పనిచేయడం లేదని భయపడవద్దు.

కన్సోల్ వచ్చి లాగిన్ అయ్యారంటే కెర్నల్, పాస్‌వర్డ్ బాగున్నట్టే, డిస్కు కూడా పాడవలేదన్నట్టే, డెస్క్‌టాప్ ఒక్కటే పైకి రావడం లేదు. అప్పుడు కొట్టాల్సిన మొదటి ఆదేశం గ్రాఫిక్స్‌కు సంబంధించినది కాదు: డీఎఫ్ మైనస్ హెచ్. అందులో చివరి గడిలో ఒక్క ఏటవాలు గీత మాత్రమే ఉన్న వరస మీ రూట్ విభాగం, అంటే వ్యవస్థ మొత్తం ఉండే చోటు. వాడకం గడిలో 100 శాతం, మిగిలిన చోటు గడిలో 0 కనిపిస్తే నా అనుమానం నిజమైనట్టే. ఉబుంటు 22.04 డెస్క్‌టాప్‌కు 25 జీబీ డిస్కు, 4 జీబీ ర్యామ్ ఉండాలని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు. 15 జీబీలో వ్యవస్థ ఎక్కుతుంది గాని, రెండు మూడు కెర్నల్ అప్‌డేట్లు, స్నాప్ ప్యాకేజీల పాత ప్రతులు, లాగ్‌లు చేరేసరికి గొంతు దాకా నిండిపోతుంది.

డిస్కు నిండితే మెషిన్ మొత్తం ఆగిపోవాలి గదా, లాగిన్ తెర దాకా ఎలా వస్తోంది అని మీకు అనిపించవచ్చు. ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటును రూట్ అనే వ్యవస్థ అధిపతి ఖాతా కోసం పక్కన పెడుతుంది. అందువల్ల వ్యవస్థ సేవలు నడుస్తూనే ఉంటాయి, కాని మామూలు వాడుకరిగా మీరు లాగిన్ అయ్యాక మీ హోమ్ ఫోల్డర్‌లో గ్నోమ్ రాసుకోవాల్సిన చిన్న చిన్న ఫైళ్లకు చోటు దొరకదు. సెషన్ మొదలవుతూనే కూలిపోతుంది, లేదా సగంలో నిలబడిపోతుంది. చూసేవారికి అది అచ్చం గ్రాఫిక్స్ డ్రైవర్ చచ్చిపోయినట్టే ఉంటుంది. సుడో ఆప్ట్ క్లీన్, ఆ తర్వాత సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ నడపండి. మొదటిది దించుకున్న ప్యాకేజీ ఫైళ్లను, రెండోది అక్కరలేని పాత కెర్నళ్లను తీసేస్తుంది. జర్నల్ లాగ్‌లను 100 ఎంబీకి కుదించడానికి జర్నల్‌సీటీఎల్‌కు వాక్యూమ్ సైజ్ అనే వికల్పం ఉంది. ఇవి అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చేస్తుందనే నా నమ్మకం.

అది తాత్కాలిక ఉపశమనమే. డిస్కును 30, 40 జీబీకి పెంచుకోవాలి. మెషిన్‌ను పూర్తిగా ఆపి, వర్చువల్‌బాక్స్ మేనేజర్‌లోని మీడియా పట్టికలో డిస్కు పరిమాణం పెంచి, ఆ తర్వాత గెస్ట్ లోపల విభాగాన్ని కూడా సాగదీయాలి. మొదటిది మాత్రమే చేసి ‘పెంచినా లాభం లేదు’ అనేవారు చాలామంది. స్నాప్‌షాట్లు (మెషిన్ ఒక క్షణంలో ఉన్న స్థితిని భద్రపరిచిన ప్రతులు) ఉన్న మెషిన్‌లో ఈ పని చిక్కుగా మారుతుంది కాబట్టి ముందు డిస్కు పెంచి, తర్వాతే స్నాప్‌షాట్ తీసుకోండి. జాగ్రత్త కోసం ఇప్పుడే ఒక నకలు కావాలంటే మెషిన్‌ను క్లోన్ చేసి పెట్టుకోండి.

మిగిలిన మార్పుల కంటే ముందు డిస్కును ఖాళీ చేయమనడానికి ఇంకో కారణం ఉంది. ఇక ముందు గ్రబ్ సెట్టింగ్ ఫైలును మార్చబోతున్నాం. చోటు లేని డిస్కులో ఫైలును సేవ్ చేయబోతే కొత్తది రాయకపోగా పాతది కూడా ఖాళీ అయిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు నోమోడ్‌సెట్ సంగతి. తెర రిజల్యూషన్‌ను కెర్నలే నేరుగా మార్చగలగడాన్ని మోడ్ సెట్టింగ్ అంటారు. ఆ పని చేయవద్దని కెర్నల్‌కు చెప్పడమే నోమోడ్‌సెట్. నిజమైన కంప్యూటర్‌లో ఏదో కొత్త ఎన్విడియా కార్డుకు డ్రైవర్ సరిపోక ఇన్‌స్టాలేషనే మొదలు కానప్పుడు, ఎలాగోలా తెర తెచ్చుకోవడానికి అది పనికొస్తుంది. డ్రైవర్ వేశాక తీసేయాలి. దాన్ని వర్చువల్ మెషిన్‌లో శాశ్వతంగా పెడితే అసలు డ్రైవర్ లోడ్ కావడానికే నిరాకరిస్తుంది, బూట్ సమయంలో గ్రబ్ అప్పగించిన తెర ఏ కొలతతో ఉందో అదే చివరి దాకా మిగులుతుంది. తర్వాత మీరు ఎన్నిసార్లు గెస్ట్ అడిషన్స్ వేసినా, ఎంత వీడియో మెమరీ ఇచ్చినా 800 బై 600 కదలకపోవడం సహజం.

ఇది చదివి మీరు చిన్నబుచ్చుకోవద్దు, ఇందులో నేనూ పడ్డాను. కొన్నేళ్ల కిందట ఒక శిక్షణ కేంద్రంలో లైనక్స్ తరగతి కోసం ఒక మెషిన్ సిద్ధం చేసి ఇచ్చారు. దాని నకళ్లనే ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నిటిలోనూ పెట్టారు. ఒక్కదానిలోనూ తెర పెద్దది కాదు. రెండు రోజుల పాటు ఒక్కో మెషిన్‌లో గెస్ట్ అడిషన్స్ తీసి వేస్తూ కూర్చున్నాను. మూడో రోజు ఏదో పనికి కెర్నల్‌కు అందిన బూట్ వాక్యం చూస్తే చివర్లో ఆ ఒక్క మాట కనిపించింది. మూల ప్రతిని తయారుచేసినవారు దాన్ని ఎందుకు పెట్టారో అడిగితే వారికీ గుర్తులేదు. అప్పటి నుంచి ఎవరైనా గెస్ట్ తెర గురించి అడిగితే నేను మొదట చూసేది ఆ వాక్యమే: క్యాట్ అని కొట్టి, ప్రాక్ ఫోల్డర్‌లోని సీఎండీలైన్ ఫైలు పేరు ఇస్తే ఒక్క వరసలో కనిపిస్తుంది.

దాన్ని తీయడానికి ముందు మెషిన్‌ను ఆపి సెట్టింగ్స్‌లో 3డీ యాక్సిలరేషన్ టిక్ నిజంగా తీసేసి ఉందో లేదో చూడండి. ఈ వరస ముఖ్యం. నోమోడ్‌సెట్ ఉన్నంతకాలం డ్రైవరే లేదు కనుక ఆ టిక్ ఉన్నా లేనట్టే. నోమోడ్‌సెట్ తీయగానే డ్రైవర్ లోడ్ అవుతుంది, అప్పటిదాకా నిద్రలో ఉన్న టిక్‌కు ఒక్కసారిగా ప్రాణం వస్తుంది; 3డీ వల్ల కొత్తగా నల్ల తెర వస్తే నోమోడ్‌సెట్ తీయడమే తప్పైందని మీరు మళ్లీ దాన్ని పెట్టేస్తారు. టిక్ తీశాక, ఈటీసీ ఫోల్డర్ కింద డీఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైలును సుడో నానోతో తెరిచి, క్వయట్, స్ప్లాష్ అనే మాటలున్న వరసలో నోమోడ్‌సెట్ అన్న మాట ఒక్కటే చెరిపి, కొటేషన్ గుర్తులు చెదరకుండా సేవ్ చేసి, సుడో అప్‌డేట్ గ్రబ్ నడపండి. అప్‌డేట్‌కూ గ్రబ్‌కూ మధ్య అడ్డగీత ఉంటుంది. ఆ అప్‌డేట్ గ్రబ్‌ను మరచిపోతే ఫైలులో మార్పు ఉన్నా బూట్‌లో ఉండదు.

రీస్టార్ట్ అయ్యాక డ్రైవర్ నిజంగా కుదిరిందో లేదో ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ కే చెబుతుంది. వీజీఏ అన్న వరస వెతకండి. అక్కడ వీఎంవేర్ ఎస్‌వీజీఏ 2 అడాప్టర్ అని, దాని కింద వాడుకలో ఉన్న కెర్నల్ డ్రైవర్ వీఎండబ్ల్యూజీఎఫ్‌ఎక్స్ అని ఉండాలి. వీఎంవేర్ నేను వేయలేదే, ఈ పేరెక్కడిది అని కంగారు పడనక్కరలేదు. 2018 డిసెంబరులో వచ్చిన 6.0 నుంచి వర్చువల్‌బాక్స్ వీఎంఎస్‌వీజీఏ అనే కంట్రోలర్‌ను ఇస్తోంది. అది వీఎంవేర్ కార్డును అనుకరిస్తుంది, ఎందుకంటే ఆ కార్డుకు డ్రైవర్ లైనక్స్ కెర్నల్‌లో ముందు నుంచే ఉంది. బూట్ అవుతుండగా ఆ డ్రైవర్ హోస్ట్‌కు లాగ్ సందేశం పంపలేకపోయానని ఎర్రర్ అన్న మాటతో ఒక వరస చూపిస్తుంది. అవతల ఉన్నది అసలు వీఎంవేర్ కాదు గనుక ఆ సందేశాన్ని అందుకునేవారు లేరు, అంతే. నల్ల తెర మీద చివరిగా కనిపించేది ఆ వరసే కావడంతో దాన్నే కారణమనుకొని వెతికేవారిని ఎందరినో చూశాను. దాన్ని వదిలేయండి.

కంట్రోలర్ ఎంపిక గురించి నాలుగు మాటలు. సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లే భాగంలో వీబాక్స్‌వీజీఏ, వీఎంఎస్‌వీజీఏ, వీబాక్స్‌ఎస్‌వీజీఏ అని మూడు ఉంటాయి. ఈ కాలపు లైనక్స్ గెస్ట్‌కు వీఎంఎస్‌వీజీఏ, విండోస్ గెస్ట్‌కు వీబాక్స్‌ఎస్‌వీజీఏ. వీబాక్స్‌వీజీఏ పాత వ్యవస్థల కోసం మిగిలింది. 2019 డిసెంబరు నాటి 6.1 తర్వాత దానితో 3డీ కూడా లేదు. ‘వీబాక్స్‌వీజీఏకు మారిస్తే పనిచేసింది’ అనే సలహాలు పాత రోజులవి, వాటి వెంట పడవద్దు. ఈ గడి బూడిద రంగులో ఉండి మారకపోతే మెషిన్ సేవ్డ్ స్థితిలో ఉన్నట్టు. పూర్తిగా పవర్ ఆఫ్ చేస్తేనే మారుతుంది. మరో సంగతి, స్నాప్‌షాట్‌లో డిస్కుతో పాటు సెట్టింగ్స్ కూడా భద్రమవుతాయి కనుక పాత స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళితే పాత కంట్రోలర్ కూడా వెంట వస్తుంది.

వీడియో మెమరీ విషయంలో ఊహ అక్కరలేదు, గుణకారం చాలు. ఒక్కో చుక్కకు 4 బైట్లు. 1920 బై 1080 తెరకు సుమారు 83 లక్షల బైట్లు, అంటే 8 ఎంబీ చాలు. 2560 బై 1440కి దాదాపు 14 ఎంబీ. 4కే తెరకు 32 ఎంబీ దాకా కావాలి. లైనక్స్ గెస్ట్‌కు వర్చువల్‌బాక్స్ మామూలుగా ఇచ్చే 16 ఎంబీలో ఫుల్ హెచ్‌డీ హాయిగా పడుతుంది, 4కే పట్టదు. అందుకే 4కే మానిటర్‌కు కలిపినప్పుడు ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. మీరు 128 ఎంబీ ఇవ్వడం తప్పేమీ కాదు, అలాగే ఉంచండి, కాని మీ జబ్బుకు అది మందు కాదు.

డ్రైవర్ కుదిరాక గెస్ట్ అడిషన్స్ లేకపోయినా సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లేస్‌కు వెళ్లి రిజల్యూషన్‌ను చేత్తో ఎంచుకోవచ్చు. చిన్న తెరలో ఆ సెట్టింగ్స్ విండోయే పట్టక బటన్లు అంచు దాటిపోతే, విండోస్ కీ నొక్కి పట్టుకొని విండోను మౌస్‌తో పక్కకు లాగండి. లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ విండోను లాగి పెద్దది చేయగానే లోపలి తెర కూడా పెరగాలంటే మాత్రం గెస్ట్ అడిషన్స్ తప్పవు. వ్యూ మెనూలో ఆటో రీసైజ్ గెస్ట్ డిస్‌ప్లే అనే వరస బూడిద రంగులో ఉందంటే అవి నడవడం లేదని అర్థం.

మీరు చదవకుండా వదిలేసిన ఎర్రర్ దాదాపుగా ఇక్కడిదే. గెస్ట్ అడిషన్స్ తమ కెర్నల్ మాడ్యూళ్లను మీ మెషిన్‌లోనే కంపైల్ చేస్తాయి. అందుకు జీసీసీ, మేక్, మీరు నడుపుతున్న కెర్నల్‌కు సరిగ్గా సరిపోయే లైనక్స్ హెడర్స్ కావాలి. యూనేమ్ మైనస్ ఆర్ కొడితే కెర్నల్ సంఖ్య వస్తుంది. అదే సంఖ్య గల హెడర్స్ ప్యాకేజీని, దానితో పాటు బిల్డ్ ఎసెన్షియల్‌ను ఆప్ట్‌తో వేసుకొని, ఆ తర్వాతే డివైసెస్ మెనూలోని గెస్ట్ అడిషన్స్ సీడీని పెట్టి నడపండి. ఉబుంటు 22.04 మొదట 5.15 కెర్నల్‌తో వచ్చినా, డెస్క్‌టాప్ రకం మధ్యలో కొత్త కెర్నళ్లకు మారుతూ 6.8 దాకా వెళ్లింది. 7.0 తొలి విడుదలల నాటి అడిషన్స్ ఆ తర్వాత వచ్చిన కెర్నళ్ల మీద కంపైల్ కాకపోవడం మామూలు. కనుక ముందు హోస్ట్‌లో వర్చువల్‌బాక్స్‌ను దాని తాజా సవరణకు తెచ్చి, అదే సంఖ్య గల అడిషన్స్ వేయండి. విఫలమైతే వార్ ఫోల్డర్ కింద లాగ్‌లో వీబాక్స్‌యాడ్ సెటప్ అనే లాగ్ ఫైలు ఉంటుంది. దాని చివరి 20 వరసలు చదివితే కారణం ఉన్నదున్నట్టు రాసి ఉంటుంది: హెడర్లు దొరకలేదనో, ఏ ఫైలు దగ్గర కంపైలర్ ఆగిందో.

ఉబుంటు సొంత భాండాగారంలో కూడా వర్చువల్‌బాక్స్ గెస్ట్ ప్యాకేజీలు ఉన్నాయి. సీడీ నుంచి వేసినవి, ఇవి రెండూ ఒకే మెషిన్‌లో ఉంటే ఒకదాని కాళ్లు ఒకటి తొక్కుతాయి. ఏదో ఒక దారి ఎంచుకోండి. నాకైతే సీడీ దారే నమ్మకం, కొత్త కెర్నల్ వచ్చినప్పుడు అవసరమైతే మళ్లీ ఒకసారి నడపాల్సి వచ్చినా సరే. గెస్ట్‌లో సెక్యూర్ బూట్ పెట్టుకొని ఉంటే సంతకం లేని మాడ్యూళ్లను కెర్నల్ రానివ్వదు. నేర్చుకోవడానికి పెట్టుకున్న మెషిన్‌లో సెక్యూర్ బూట్ తీసేయడమే సులువు.

ఇవన్నీ సరైనాక, కావాలంటే, 3డీ టిక్ పెట్టి చూడండి. అది లేకపోతే డెస్క్‌టాప్ కదలికలన్నీ ప్రాసెసర్ గీస్తుంది, కొంచెం బరువుగా ఉంటుంది, కాని నమ్మకంగా ఉంటుంది. పెట్టాక విండోలు నల్లబడటం, మెనూలు మిణుకుమిణుకుమనడం కనిపిస్తే రెండు దారులున్నాయి. లాగిన్ తెర మీద పేరు ఎంచుకున్నాక కింద కుడి మూల పళ్లచక్రం గుర్తు నొక్కి ఉబుంటు ఆన్ ఎక్స్‌ఆర్గ్ ఎంచుకోవడం ఒకటి; ఎక్స్‌ఆర్గ్, వేలాండ్ రెండూ డెస్క్‌టాప్‌ను తెర మీద చూపే పద్ధతులు, 22.04లో మామూలుగా నడిచేది వేలాండ్. ఇంటెల్, ఎన్విడియా రెండూ ఉన్న లాప్‌టాప్ అయితే విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో వర్చువల్‌బాక్స్‌వీఎం ప్రోగ్రామ్‌ను రెండింటిలో ఒకదానికి కట్టివేయడం ఇంకొకటి. రెండూ కుదరకపోతే టిక్ తీసేయండి. కోడ్ రాసుకోవడానికి, సర్వర్ పనులు నేర్చుకోవడానికి 3డీతో అవసరమే లేదు.

తెర బాగానే ఉండి, విండో లాగితే వెనకాలే ఈడ్చుకుంటూ వస్తోందనే ఫిర్యాదు మీకు ఇంకా రాలేదు గాని వస్తుంది, కనుక అదీ చెబుతాను. మెషిన్ నడుస్తున్నప్పుడు విండో కింద కుడివైపు చిన్న గుర్తుల వరసలో ఆకుపచ్చ తాబేలు కనిపిస్తోందేమో చూడండి. విండోస్ 11లో మెమరీ ఇంటిగ్రిటీ, డబ్ల్యూఎస్‌ఎల్ 2 (విండోస్‌లోనే లైనక్స్ నడిపే ఏర్పాటు), డాకర్ డెస్క్‌టాప్ వంటివి ఉంటే వర్చువల్ మెషిన్లను నడిపే మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ ముందే ప్రాసెసర్‌ను పట్టుకొని ఉంటుంది. వర్చువల్‌బాక్స్ దాని మీద ఎక్కి నడవాల్సి వస్తుంది. తాబేలు చెప్పేది అదే. గెస్ట్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఏం మార్చినా ఆ నిదానం పోదు. మెమరీ ఇంటిగ్రిటీ ఒక రక్షణ కనుక దాన్ని తీయమని నేను ఊరికే చెప్పను. డబ్ల్యూఎస్‌ఎల్‌తో మీ పని జరిగిపోతుంటే అసలు వర్చువల్‌బాక్స్ కావాలా అన్నది కూడా ఆలోచించుకోండి.

అక్షరాలు చీమల్లా ఉన్నాయంటే అది రిజల్యూషన్ లోపం కాదు. వ్యూ మెనూలో వర్చువల్ స్క్రీన్ 1 కింద స్కేల్ శాతం పెంచుకోండి. తెలుగు అక్షరాల చోట పెట్టెలు కనిపిస్తే అది ఫాంట్ లోటు, ఫాంట్స్ టెలు అనే ప్యాకేజీతో తీరుతుంది. హోస్ట్ కీ, ఎఫ్3తో వచ్చే నల్ల కన్సోల్‌లో మాత్రం ఏ ఫాంట్ వేసినా తెలుగు ఒత్తులు, గుణింతాలు కుదరవు. తెలుగు పేర్లున్న ఫైళ్లను డెస్క్‌టాప్‌లోని టెర్మినల్‌లోనే చూడండి.

ఎక్స్‌రాండ్‌ఆర్ అనే ఆదేశంతో కొత్త రిజల్యూషన్ చేర్చే సలహా కూడా మీకు ఎదురవుతుంది. అది వేలాండ్‌లో పనిచేయదు, ఎక్స్‌ఆర్గ్‌లో చేసినా రీస్టార్ట్‌తో పోతుంది. డ్రైవర్ సరిగా లోడ్ అయితే దాని అవసరం రాదు, లోడ్ కాకపోతే దానివల్ల ఒరిగేదీ లేదు.

ఒకవేళ డిస్కులో చోటు పుష్కలంగా ఉండి కూడా తెర నల్లగానే ఉంటే, మెషిన్ మొదలవుతున్నప్పుడు షిఫ్ట్ పట్టుకొని (ఈఎఫ్‌ఐ పెట్టుకొని ఉంటే ఎస్కేప్ నొక్కి) గ్రబ్ మెనూ తెచ్చుకొని, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్‌తో బూట్ చేయండి. ఆటోరిమూవ్ పాత కెర్నళ్లను తీసేయకముందే ఈ పరీక్ష చేయడం మంచిది. పాతదానితో డెస్క్‌టాప్ వస్తే కొత్త కెర్నల్‌కూ గెస్ట్ అడిషన్స్‌కూ మధ్య పేచీ అని తేలుతుంది. దానితో కూడా రాకపోతే నాకు మూడు రాసి పంపండి: డీఎఫ్ మైనస్ హెచ్ చూపిన రూట్ వరస, ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ కే చూపిన వీజీఏ భాగం, జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ మైనస్ పీ 3 ఇచ్చిన చివరి వరసలు. వాటితో పాటు మెషిన్ మెనూలోని షో లాగ్ నుంచి వీబాక్స్ లాగ్ ఫైలు కూడా కావాలి. మెషిన్‌ను మళ్లీ మొదలుపెడితే ఆ లాగ్ పక్కకు జరిగి పేరు చివర 1 చేరుతుంది, కాబట్టి నల్ల తెర వచ్చిన వెంటనే, ఇంకోసారి ప్రయత్నించకముందే దాన్ని తీసి పెట్టుకోండి.